మావైపు తిరగని స్క్రీను

ఆదివారం పొద్దున మా స్కూలు టీచర్ల వాట్సాప్ గ్రూపులో అతని ఫొటో పడింది. గళ్ల చొక్కా, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, మెడలో నల్ల తాడుకు వేలాడే పెన్‌డ్రైవు. కింద ఒకే వాక్యం: "మన కంప్యూటర్ సారు ఇక లేరు." దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడుతున్నాయి. నేను చాయ్ తాగుతూ వాటిని చూస్తూ కూర్చున్నాను. నా వంతు చేతులు పెట్టలేదు. కోరుట్లలో ఎంతమంది పాస్‌వర్డులు ఇవాళ అతనితో పాటే పోతున్నాయో అన్నదే నాకు మొదట వచ్చిన ఆలోచన.

అతన్ని ఊరంతా సారు అనేది. పాతికేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న నేను కూడా ఎదుట పడితే సారు అనే పిలిచాను. ఇంట్లో మాత్రం ఎన్నడూ అనలేదు. ఒక్క మనిషికి ఒక్క ముక్క నేర్పనివాడు సారు ఎట్లా అవుతాడని నాకు మంట.

బస్టాండు ఎదురుగా సందులో ఒక చిన్న మడిగె అతని దుకాణం. పింఛన్లు, రేషన్ కార్డులు, కాలేజీ దరఖాస్తులు, గల్ఫ్ పోయేవాళ్ల కాగితాలు, పెండ్లి కార్డులు, అన్నీ అక్కడే. లోపల ఎత్తయిన కౌంటరు, దాని వెనుక అతని తిరిగే కుర్చీ. మా కోసం వేసిన బల్ల ఎంత పొట్టిదంటే దానిమీద కూర్చుంటే కౌంటరు గడ్డం దాకా వచ్చేది. స్క్రీను ఎప్పుడూ అతనివైపే. మాకు కనిపించేది దాని వీపు, అందులో గుచ్చిన వైర్లు, దుమ్ము పట్టిన ఒక స్టిక్కరు. మన పేరు, మన పుట్టినరోజు, మన భూమి సర్వే నంబరు అన్నీ అటువైపు అతని ముఖం మీద నీలంగా వెలుగుతుండేవి. మనం ఇటువైపు కూర్చుని అతని కనుబొమలు చూసి పని అయిందో లేదో తెలుసుకోవాలి.

ఎవరైనా లేచి కొంచెం పక్కకు వంగి చూడబోతే చాలు, "ముట్టకుర్రి!" అనేవాడు. చూసినా అదే మాట. కౌంటరు మీద చెయ్యి ఆనించినా అదే మాట. పొరపాటున ఎవరి చేతి వేలైనా మౌసుకు తగిలితే జేబులోంచి రుమాలు తీసి దాన్ని తుడిచేవాడు, ఆ మనిషి చూస్తుండగానే. పాస్‌వర్డు కొట్టేటప్పుడు ఎడమ చేతిని కీబోర్డు మీద గొడుగులా పట్టి, దాని కింద కుడి చేత్తో కొట్టేవాడు. ఎంత అలవాటంటే, మడిగెలో తాను ఒక్కడే ఉన్నప్పుడు కూడా అట్లాగే కొట్టడం ఒకసారి వాకిట్లో నిలబడి నా కళ్లతో చూశాను.

గొంతు మరీ పెద్దది. పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల ఇంట్లో. మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడటం చిన్నప్పుడే అలవాటై ఉంటుంది. కానీ కోరుట్ల సందులో మగ్గాలు లేవు. మన ఇంటి సంగతులు సందు చివరి పండ్ల బండి దాకా వినిపించేవి. "నీ మొగని పేరు మీద కాదు, నీ అత్త పేరు మీదున్నది భూమి!" అని అతను అరిస్తే ఆ కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఒక ముసలి దర్జీ పింఛను కోసం వేలిముద్ర వేయడానికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. గాజు పలక మీద ఎన్నిసార్లు బొటనవేలు పెట్టినా ఎర్ర లైటే వస్తోంది.

"వేలున్నదా లేదా చాచా నీకు?" అన్నాడు.

"ఉన్నది బేటా. కత్తెర పట్టి పట్టి గీతలు అరిగినయి."

"అయితే కొత్త వేలు పెట్టిచ్చుకొని రాపో."

బల్ల మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ముసలాయన కూడా నవ్వాడు, తన వేలిని లుంగీకి తుడుచుకుంటూ. ఇప్పుడు తల్చుకుంటే నాకు ఆ మాట అన్నవాడి మీదకన్నా ఆ నవ్వు మీద ఎక్కువ రోత పుడుతుంది. మేం అట్లా నవ్వబట్టే అతను అట్లా తయారయ్యాడు.

పని రాదని మాత్రం అనలేను. వచ్చు. ఎవరూ నేర్పకుండా వచ్చినంత పని, చదువుకుని వచ్చినవాళ్లకు కూడా రాదు. కంప్యూటరు చెడిపోతే డబ్బాకు చెవి ఆనించి ఫ్యాను మోత విని రోగం చెప్పేవాడు. గోడలకు రంగు వేసే చిన్న కుంచెతో లోపలి దుమ్ము దులిపి, ఒక పలక పీకి దాని బంగారు అంచును పిల్లల రబ్బరుతో రుద్ది తిరిగి పెట్టేవాడు. అంతే, లేచి కూర్చునేది. మా స్కూలుకు ఇచ్చిన కంప్యూటరు ఒక ఏడాది మూలన పడి ఉంటే, పట్నం నుంచి వచ్చిన మనిషి కొత్తది కొనుక్కోమని చెప్పి పోయాడు. ఇతను వచ్చి పది నిమిషాల్లో నడిపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాడు పిల్లలను కూర్చోబెట్టి కంప్యూటరు ఆన్ చేస్తే పాస్‌వర్డు అడిగింది. ఫోను చేశాను.

"పోరగాండ్లు ఖరాబు జేస్తరు మేడం. లాక్ పెట్టిన."

"లాక్ ఏందో చెప్పుర్రి సార్, మేమే తీసుకుంటం."

"అవసరమైతే ఫోన్ జెయ్యుర్రి. నేనే అచ్చి తీస్త."

నిజంగానే వచ్చేవాడు. బండి మీద మా స్కూలున్న ఊరిదాకా వచ్చి, గొడుగు చెయ్యి పట్టి, లాక్ తీసి, పిల్లలు బొమ్మలు గీస్తుంటే వెనుక నిలబడి కాపలా కాసి, గంట కొట్టగానే ఆపేసి పోయేవాడు. ఊరికే వచ్చేవాడని మా హెడ్మాస్టరు మురిసిపోయేవాడు. నాకు మాత్రం ఊరికే అనిపించలేదు. అతనికి కావలసింది చేతికి ఇచ్చేది కాదు. మనం ఎదురుచూడటం కావాలి. ఫోను చేసి "సార్, జర వస్తరా" అనడం కావాలి.

ఒకసారి బదిలీల దరఖాస్తు నింపడానికి అతని దగ్గరే కూర్చున్నాను. వాన పడుతోంది, ఎవరూ లేరు. ఎట్లా నేర్చుకున్నారని అడిగాను. మొదటిసారి కుర్చీ నావైపు తిప్పాడు. సిరిసిల్లలో ఒక టైపింగ్ దుకాణంలో ఊడ్చే పనికి కుదిరాడట. ఆ యజమాని తెర అతనికి కనబడనిచ్చేవాడు కాదట. యజమాని కళ్లద్దాల్లో పడే నీడ చూసి, వేళ్ల చప్పుడు లెక్కబెట్టి నేర్చుకున్నాడట. మూడేళ్లు.

"నాకెవ్వలు నేర్పిన్రు మేడం?" అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని. "ఎవ్వలూ నేర్పలే. మరి నేనెందుకు నేర్పాలె?"

జాలిపడమని చెప్పలేదు. గర్వంగా చెప్పాడు. తనకు జరిగిన అన్యాయాన్ని అంత శ్రద్ధగా నేర్చుకుని, కౌంటరు కట్టి, అదే అన్యాయాన్ని ఊరందరికీ చేసే మనిషిని చూసి జాలి ఎక్కడి నుంచి తేవాలి? నేను దరఖాస్తు మీద సంతకం పెట్టి లేచాను. అందులో ఏం రాశాడో చూడనేలేదు. చూస్తానని అడగడానికి నాకే భయం.

ఆ భయమే గంగమణి విషయంలో నా మెడకు చుట్టుకుంది.

గంగమణి మా స్కూలున్న ఊళ్లో బీడీలు చేస్తుంది. ఆమె బిడ్డ నా దగ్గర ఏడో తరగతి చదివింది. భర్త మల్లేశ్ గల్ఫ్‌లో మేస్త్రీ కింద పనికి పోయాడు. ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు. ఒక శుక్రవారం చేయలేదు. తర్వాతి శుక్రవారమూ లేదు. నెల దాటాక అతనితో పనిచేసే కొడిమ్యాల మనిషి ఒకతను ఫోను చేసి చెప్పాడు: మల్లేశ్ పరంజా మీది నుంచి పడ్డాడు, పాదం నుజ్జయింది, కంపెనీవాళ్లు వేరే క్యాంపుకు తీసుకుపోయారు, ఎక్కడో తెలియదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది.

అట్లాంటి వాళ్ల కోసం పిటిషన్ పెట్టే వెబ్‌సైటు ఉందని ఎవరో చెప్పారు. గంగమణి నన్ను తోడు రమ్మంది. "మీరుంటే జర ధైర్నం మేడం," అంది. ఇద్దరం కోరుట్ల పోయి ఆ పొట్టి బల్ల మీద కూర్చున్నాం.

ఆమె దగ్గర పాస్‌పోర్టు జిరాక్సు ఒకటే ఉంది. నాలుగు మడతలు పెట్టి తంబాకు డబ్బాలో దాచింది. చివరి రెండంకెల మీదుగా మడత పోయి అక్కడ కాగితం తెల్లగా పొరలు లేచింది. అతను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతూ టపటపా కొట్టసాగాడు.

గంగమణి కూర్చున్న చోటి నుంచే చెప్పింది, "ఆఖరికి ఎనిమిది, ఆరు సారు. ఎనిమిది ముందుగాల."

"నాకు కండ్లున్నయి."

"నాకు నోటికచ్చు సారు. బీడీలు చేసుకుంట దినాం అనుకుంట."

"నువ్వు నాకు చెప్పచ్చినవా? కూసో!"

ఆమె కూర్చునే ఉంది. ఇంకా ఎక్కడ కూర్చుంటుంది? నావైపు చూసింది. ఎం.ఎస్సీ. చదివిన లెక్కల టీచరును, రెండంకెలు సరిచూడమని అడగాల్సినదాన్ని. నాలుగడుగుల దూరంలో వాకిలి, వాకిట్లో కావలసినంత ఎండ. ఆ కాగితం పట్టుకుని రెండు నిమిషాలు బయట నిలబడితే తేలిపోయేది. "ఆయనకు తెలుసులే గంగమణీ," అన్నాను.

అతను ఆమె పేరు మీద ఒక మెయిల్ తెరిచాడు. పాస్‌వర్డు చెప్పలేదు. పిటిషన్ అచ్చు తీసిన కాగితాన్ని మడిచి, కవరులో పెట్టి, అంటించి ఇచ్చాడు. "దీన్ని నలపకు. దేవుని కాడ పెట్టు. జవాబు అస్తే నాకే అస్తది." ఆమె నిజంగానే దేవుని గూట్లో పెట్టింది.

తర్వాత పది రోజులకొకసారి ఆమె కోరుట్ల పోయేది. బీడీల పని ఆపుకుని, బస్సెక్కి, బల్ల మీద తన వంతు కోసం కూర్చునేది. అతను స్క్రీను వైపు ఒకసారి చూసి "ప్రాసెస్‌ల ఉన్నది" అనేవాడు. ఆ మాటకు అర్థం ఏంటని నన్ను అడిగింది. పని నడుస్తోందని చెప్పాను. రెండున్నర నెలలు ఆ ఒక్క మాట పట్టుకుని తిరిగింది. ఊరికి వచ్చి అత్తమామలకు కూడా అదే చెప్పేది, "ప్రాసెస్‌ల ఉన్నడట." మల్లేశ్ ఉన్న ఊరి పేరు ప్రాసెస్ అన్నట్టు.

చివరికి ఒక సోమవారం ఇద్దరం జగిత్యాల కలెక్టరేటులో అర్జీ ఇవ్వడానికి పోయాం. అక్కడ ఒక గుమాస్తా, పెద్దాయన, నిదానస్తుడు. దేవుని గూట్లోని కవరు చింపి కాగితం చూశాడు. జిరాక్సు తీసుకున్నాడు. లేచి కిటికీ దగ్గరకు పోయి వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"గీ నంబరు గీ పాస్‌పోర్టుది గాదు గదమ్మా. గీడ ఎనభై ఆరున్నది. మీరు అరవై ఎనిమిది పెట్టిన్రు."

గంగమణి ఏడవలేదు. ఆ కాగితాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది. మేం కోరుట్ల బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ నంబరే చెప్పుకుంటోందని నాకు తెలుసు.

దుకాణంలో ఆరేడుగురు ఉన్నారు. గంగమణి బల్ల దగ్గర ఆగలేదు. కౌంటరు పక్కనున్న చిన్న తలుపు నెట్టి లోపలికే పోయింది. రెండు చేతులతో స్క్రీను పట్టుకుని తనవైపు తిప్పింది. దాని మెడ కిర్రుమని అరిచింది.

"ముట్టకు! ముట్టకని చెప్తున్న!" అతను లేచి నిలబడ్డాడు.

"ముట్టుకుంట సారు. అండ్ల ఉన్నది నా పెనిమిటి పేరు," అంది గంగమణి. "మెయిలు తెరువు. మేడం సదువుతది."

అందరూ తనవైపే చూస్తున్నారని అతనికి తెలిసింది. గొడుగు చెయ్యి పట్టి పాస్‌వర్డు కొట్టాడు. మెయిల్ తెరుచుకుంది. నేను కౌంటరు మీదుగా వంగాను. అందులో ఒకే ఒక జవాబు ఉంది. లావు నల్ల అక్షరాల్లో, అంటే ఎవరూ తెరవనిది. మేం పిటిషన్ పెట్టిన పదకొండో రోజున వచ్చింది. నేను పైకి చదివి తెలుగులో చెప్పాను: మీరిచ్చిన పాస్‌పోర్టు నంబరుతో వివరాలు సరిపోలలేదు, సరైన నంబరు పంపితే వెంటనే విచారిస్తాం.

"దినాం వందల మెయిళ్లస్తయి మేడం," అన్నాడు. "ఎన్నని సూడాలె?"

"ఆమె నెలకు మూడుసార్లు వచ్చింది గద సార్. ఒక్కసారన్న తెరిచిన్రా?"

"సర్వర్..." అని ఆగిపోయాడు. అతని గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదలు. రుమాలు తీశాడు. దేన్ని తుడవాలో తోచక చేతిలోనే పట్టుకున్నాడు. క్షమించమని అనలేదు. పొరపాటైందని కూడా అనలేదు. మాట కోసం వెతుకుతున్నట్టు ఒకసారి నావైపు, ఒకసారి బల్ల మీద వాళ్లవైపు చూశాడు. ఆ నిమిషాన అతని గొప్పతనమంతా ఆ రుమాలంత అయింది.

తర్వాత కుర్చీలో కూర్చుని పిటిషన్ కొత్తగా తెరిచాడు. పేరు కొట్టాడు, ఊరు కొట్టాడు. నంబరు దగ్గరికి వచ్చేసరికి గంగమణి "ఆగు సారు" అంది. "గది నేను గొడ్త."

ముందు నాలుగైదు అంకెలు నేను చూపిస్తే కొట్టింది. తునికాకు కత్తిరించి కత్తిరించి ఆమె చూపుడు వేలు కొస గట్టిపడిపోయి ఉంది. ఒక్కో మీట మీద వేలు నిలిపి, గట్టిగా ఒత్తి, స్క్రీను మీద అంకె వచ్చిందో లేదో చూసుకుని, మళ్లీ కిందికి దిగేది. చివరి రెండంకెల దగ్గర ఆగింది.

"ఎనిమిది ఏడున్నది?"

నేను చెప్పేలోపే అతని వేలు లేచి ఎనిమిదిని చూపించింది. చూపించాడో లేదో కాల్చుకున్నట్టు వెనక్కి లాక్కున్నాడు. నాకు తెలిసినంతలో ఆ మనిషి ఒకరికి నేర్పింది అదొక్కటే. అదీ పొరపాటున.

ఆరు ఆమే వెతుక్కుంది.

పోయే ముందు మెయిల్ పాస్‌వర్డు చెప్పమంది. చెప్పనన్నాడు. "చెప్పేదాంక గీడనే నిలవడ్త" అని కౌంటరు లోపలే నిలబడింది. చివరికి ఒక చీటీ మీద రాసి ఇచ్చాడు. అది అతని సొంత పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఆ చీటీ చూసి బల్ల మీది ఒక కుర్రాడు, "నాది గూడ గదే ఉండొచ్చు" అని తన ఫోనులో కొట్టి చూశాడు. తెరుచుకుంది. ఇంకొకరిదీ తెరుచుకుంది. ఊరందరి పేర్ల మీద ఒకే తాళం, ఆ తాళానికి అతని పేరు. ఇంతకాలం ఆ గొడుగు చెయ్యి కింద దాచింది ఇదన్నమాట. నేను ఆ రోజు స్కూలుకు పోయి మా కంప్యూటరుకు అదే కొట్టాను. లాక్ తీసేశాను.

నెలన్నరలో మల్లేశ్ దొరికాడు. ఒక క్యాంపు గదిలో, పాదానికి సరైన కట్టు కూడా లేకుండా. తీసుకొచ్చాక ఆసుపత్రిలో కుడి పాదం తీసేశారు. రెండున్నర నెలల ముందు వచ్చి ఉంటే పాదం నిలిచేదా అని నేను డాక్టరును అడగలేదు. గంగమణి అడిగిందేమో తెలియదు.

ఆ దుకాణానికి గిరాకీ ఏమీ తగ్గలేదు. రెండు వారాలు జనం పలచబడి, మళ్లీ బల్ల నిండిపోయింది. స్క్రీను మళ్లీ అతనివైపు తిరిగింది. పాస్‌వర్డులన్నీ మార్చేశాడు. నేను కూడా ఆ తర్వాతి ఏళ్లలో రెండుసార్లు పోయాను. దగ్గరలో రంగు ప్రింటు తీసేది అతనొక్కడే. పోయి, సారు అని పిలిచి, పని చేయించుకుని వచ్చాను. అతన్ని తిట్టుకోవడానికి నాకున్న హక్కు ఎంతో ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ అడగకుండా.

ఆ ఆదివారం ఫొటో చూసి చాయ్ గ్లాసు కడుగుతుంటే ఫోను మోగింది. మల్లేశ్.

"మేడం, కంప్యూటర్ సారు పోయిండట, ఎర్కేనా? పొద్దుగాల గుండె ఆగిందట. మేము అస్తున్నం. మీరు గూడ రాండ్రి."

పోకూడదనే అనుకున్నాను. కానీ మల్లేశ్ చంకకర్రతో అంతదూరం బయల్దేరాడంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. నేను పోయేసరికి చావింటి ముందు టెంటు వేశారు. కుర్చీలు నిండి జనం గోడల పొంటి నిలబడ్డారు. అంతమంది వస్తారని నేను అనుకోలేదు. నా పింఛను ఆయనే చేయించిండు, నా కొడుకు సీటు ఆయనే పెట్టిండు అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. అతని భార్య గడప దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లనూ ఎవరో గుర్తుపట్టలేనట్టు చూస్తోంది. ఇరవై ఏళ్లలో ఆమెను దుకాణంలో ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు నాకు.

మల్లేశ్ నన్ను చూసి కర్ర టకటకలాడిస్తూ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మంచోడు పోయిండు మేడం," అన్నాడు. "ఆ సారు పిటిషన్ పెట్టకపోతే నేను గాడనే సచ్చేటోన్ని. మీరు గూడ ఆ దినం ఉన్నరట గద."

నేను గంగమణి వైపు చూశాను. ఆమె టెంటు గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నా చూపు తప్పించుకోలేదు. ఎవరో పాత దోస్తు పలకరిస్తే మల్లేశ్ అటు తిరిగాడు. నేను ఆమె పక్కకు పోయాను.

"చెప్పలేదా?" అన్నాను.

"చెప్పలె."

"ఇన్నేండ్లా? ఎందుకు గంగమణీ?"

"చెప్తే ఏం జేస్తడు మేడం? పాదం దిక్కు సూసుడు, ఆ సారును తిట్టుడు. గదే పని పెట్టుకొని కూసుంటడు." ఆమె గొంతు తగ్గించింది. "అచ్చిన కొత్తల మూడు నెలలు గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. అన్నం గూడ తినలె. ఒకనాడు లేసి, నాకోసం ఎవలో ఒకలు కష్టపడ్డరు గదనే, నేను బతకాలె అన్నడు. అప్పుడు నేనేం చెప్పాలె? గిప్పుడు మంచిగ కిరాణం నడుపుతున్నడు. నవ్వుతున్నడు. నాకు నా మొగడు గావాలె మేడం. నిజం నాకాడ ఉంటే సాలు."

ఇన్నేళ్లు నేను అతన్ని తిట్టుకుంటూ, నేను నోరు విప్పని తప్పును కూడా ఆ తిట్లలోనే కలిపేసుకుంటూ, నా ఇంట్లో నేను హాయిగా ఉన్నాను. ఆ రెండంకెల బరువును ఆమె ఒక్కతే మోసింది.

శవాన్ని లేపే వేళయింది. ఆఖరి దండాలు పెట్టేవాళ్లు రమ్మని ఎవరో పిలిచారు. మల్లేశ్ తిరిగి వచ్చి, "కాళ్లు మొక్కుత గంగమణీ, జర పట్టు. వంగనీకి వస్తలేదు," అన్నాడు.

గంగమణి కదల్లేదు. గుంజ మీది చెయ్యి తీయలేదు.

"నేను రాను. నాకు సావు సూస్తే తల తిరుగుతది," అంది అతనితో. తర్వాత నావైపు తిరిగి, మామూలు గొంతుతోనే, "మీరు తోల్కపోర్రి మేడం. నేను పట్టను," అంది.

మల్లేశ్ చెయ్యి చాచాడు. మేడం వస్తోందని జనం పక్కకు జరిగి దారిచ్చారు. అతని కర్రను ఎవరో పట్టుకున్నారు. నేను అతని మోచేయి కింద ఒక చెయ్యి, నడుము వెనుక ఒక చెయ్యి వేశాను. అతను ఒంటికాలి మీద మెల్లగా వంగాడు. బరువంతా నా భుజం మీదికి వచ్చింది. వంగి, పసుపు పూసిన ఆ పాదాలను రెండు చేతులతో తాకి, చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. వదిలితే పడిపోతాడు.

నేను వంగలేదు. అతను లేచేదాకా పట్టుకునే నిలబడ్డాను.